పొద్దుటి కన్ను, సాయంత్రపు కన్ను

పద్నాలుగో భాగం

పోయిన వారం కంటిపాపను ఒక మూసిన తలుపు ముందు వదిలి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

కంటిపాప ఆమె అసలు పేరు కాదు. కంటి ఆసుపత్రి మూడో అంతస్తులో, మెట్లెక్కగానే ఎదురయ్యే చిన్న గదిలో కృత్రిమ కళ్లు తయారుచేస్తుంది కాబట్టి ఆసుపత్రి వాళ్లు పెట్టుకున్న పేరు. దెబ్బ తగిలో జబ్బు చేసో ఒక కన్ను పోగొట్టుకున్నవాళ్లు ఆ గదికి వస్తారు. ఉన్న కంటికి జోడీ కుదిరే కన్ను పెట్టించుకుని, అద్దంలో తమని తాము కాసేపు పోల్చుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోతారు.

మూడేళ్ల కిందట ఆమె ఈ విద్యలోనే పరదేశంలో పట్టా పుచ్చుకుంది. విద్యార్థి అనుమతి గడువు ముగిసింది. పని ఇస్తామన్న చోట స్పాన్సర్ చేసే అధికారం తమకు లేదన్నారు. పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఇప్పుడు అక్కడి గురువు, జుట్టు నెరిసినా చెయ్యి తొణకని ఆవిడ, ఉత్తరం రాసింది: "నా పక్క బల్ల ఖాళీ అయింది. పసిపిల్లల కళ్ల పని మొదలుపెడుతున్నాను. నువ్వొస్తే బాగుంటుంది."

వెళ్లే దారులేమిటో స్టాంపమ్మ గారు విడమరిచి చెప్పింది. వీసా కార్యాలయంలో ముప్పై ఏళ్లు ముద్రలు వేసి రిటైరైన ఆవిడకి ఆ పేరు అలా స్థిరపడిపోయింది. యజమాని స్పాన్సర్ చేస్తే వెళ్లొచ్చు. కానీ గురువుగారిది ఇద్దరే మనుషులున్న పనిగది, ప్రభుత్వం దగ్గర నమోదు కావడానికే ఏడాది పడుతుంది. మళ్లీ విద్యార్థిగా చేరొచ్చు. చదివిన చదువే ఇంకోసారి చదవాలి. ఇక మిగిలింది, ఆ దేశంలో చదివి వచ్చినవాళ్లు మూడేళ్లలోపు పనికోసం తిరిగి వెళ్లడానికి ఇచ్చే పర్మిట్. దానికి స్పాన్సర్ అక్కర్లేదు. చదివిన పనినే ఇక్కడ కనీసం ఏడాదిపాటు స్వతంత్రంగా చేసినట్టు పై అధికారి ధ్రువపత్రం ఉంటే చాలు. 'ఒకరి కింద సహాయకురాలిగా' అని రాస్తే మాత్రం చెల్లదు. సహాయకులు ఆ వృత్తుల జాబితాలో లేరు. గడువుకి ఇంకా పందొమ్మిది రోజులుంది.

సంతకం చేయవలసిన పై అధికారి, ఆ గదిలో ఆమెకు పైవాడైన మాస్టారు. పది రోజులుగా ఇవాళ, రేపు అంటున్నారు. ఈ రోజు అటో ఇటో తేల్చుకుందామని కంటిపాప భోజనం కూడా మానేసి వచ్చింది. పట్టపగలు గదికి లోపల గడియ. లోపలినుంచి మాస్టారి గొంతు, ఎవరితోనో: "పాపకి మాత్రం చెప్పకండి."

ఆమె తలుపు తట్టింది.

గడియ తీసింది మాస్టారు కాదు, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న ఒక నడివయసు స్త్రీ. చీర చెంగుమీద సుద్దపొడి. మాస్టారు తన మూలలో తాను కూర్చునే ఉన్నారు. ఎడమ భుజం గోడవైపు, లేత పొగరంగు కళ్లజోడు ముక్కు మీద, చేతులు రెండూ బల్ల మీద. తప్పు చేసి దొరికిన పిల్లాడు అలా చేతులు కనిపించేలా పెట్టుకుంటాడు.

"నువ్వేనా అమ్మా పాపవి?" అంది ఆవిడ. "ఆయన చెప్పొద్దన్నారు, నేను చెప్పలేదు. నువ్వే వచ్చావు. ఇక నా పూచీ లేదు."

అంటూ నల్లకళ్లద్దాలు తీసింది.

కుడి కన్ను ఆమెది. వాన వెలిసిన తర్వాత ఆకులా, గోధుమరంగులోంచి ఆకుపచ్చ తొంగిచూసే కన్ను. ఎడమది ఈ గదిలో చేసింది. అందులో ఆకుపచ్చ ఆనవాలైనా లేదు. అంతా పండుబారిన పసుపు.

"బళ్లో మూడో తరగతి చెప్తాను" అంది టీచరు. "నిన్న ఒక పిల్ల లేచి, టీచర్, మీ ఒక కన్ను పొద్దున్నలా ఉంది, ఒక కన్ను సాయంత్రంలా ఉంది అంది. నాకు ఆ మాట ముద్దొచ్చింది కూడా. తిట్టడానికి రాలేదమ్మా నేను. కానీ రెండు పూటలూ ఒకేసారి మొహమ్మీద పెట్టుకుని తిరగాలంటే కష్టం కదా!"

కంటిపాపకు అర్థమైంది. నాలుగు రోజుల కిందట, తను స్టాంపమ్మ గారింటికి వెళ్లినప్పుడు జరిగిన పని ఇది. టీచర్ని కింద క్యాంటీన్‌లో టీ తాగి అరగంటలో రమ్మని పంపింది. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు ఆగేదాకా ఆగి, అప్పుడు తిరిగింది.

"మాస్టారూ, ఇది మీరు చేశారా?"

"నా చేత్తోనే."

"ఇంత పసుపెందుకు పడింది?"

ఆయన బల్ల మీది కుంచెల్ని పొడుగు వారీగా సర్దారు, చెదరగొట్టారు, మళ్లీ సర్దారు.

"సరే, అది తర్వాత చూద్దాం. నా కాగితం సంగతి చెప్పండి. నన్ను పంపడం మీకిష్టం లేదు, అంతేగా? లేదని ఒక్క మాట అనేయండి. నేను వేరే దారి చూసుకుంటాను, లేదా ఏ దారీ చూసుకోను. ఇలా నానబెట్టకండి."

"ఇష్టం లేదని ఎవరన్నారు?"

"నోటితో అనాలా? పది రోజులుగా ఒక్క సంతకం! నేనేం ఆస్తి రాసిమ్మనలేదే!"

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. మూడేళ్లలో ఆయన ముందు అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మాస్టారు సొరుగు లాగి ఆ కాగితం తీశారు. ఎన్నిసార్లు విప్పి మడిచారో, మడతల దగ్గర గుడ్డలా మెత్తబడి ఉంది.

"ఈ వాక్యం చదువు."

"'ఈమె స్వతంత్రంగా చేసిన ప్రతి కన్నునూ నా కళ్లతో పరిశీలించి, రంగు, ఆకారం సరిపోయాయని ధ్రువీకరిస్తున్నాను.' స్టాంపమ్మ గారు చెప్పినట్టే రాశాను. ఇందులో తప్పేముంది?"

"కళ్లతో అని రాశావు పాపా. అది బహువచనం."

ఆమెకు బోధపడలేదు. మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కుర్చీ తిప్పి, ఎప్పుడూ గోడకి అప్పగించే ఎడమ చెంపను మొదటిసారి కిటికీ వైపు పెట్టారు. మధ్యాహ్నపు వెలుతురు ఆయన మొహం నిండా పడింది. కుడి కంట్లో పాప చిన్నగా ముడుచుకుంది. ఎడమ కంట్లో పాప ఎలా ఉన్నదలాగే ఉంది.

కంటిపాప వెనక్కి తడుముకుని స్టూలు మీద కూలబడింది. ఎదుటివాళ్ల కళ్లు చూడడమే తన పని. పలకరించిన ప్రతి మనిషి కంట్లోనూ ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టుకుంటుంది. మూడేళ్లు ఈ గదిలో...

"మూడేళ్లు మీ ఎదురుగా కూర్చున్నాను" అంది, తనకు తానే చెప్పుకున్నట్టుగా.

"ఎదురుగా కాదు. కుడి పక్కన. నిన్నెప్పుడూ కుడి పక్కనే కూర్చోబెట్టాను." ఆయన నవ్వారు. "పద్దెనిమిదో ఏట రాళ్లు కొట్టే పనిలో ఉన్నప్పుడు పెచ్చు ఎగిరొచ్చింది. మా గురువు చేసిచ్చాడు మొదటిది. అద్దంలో చూసుకుని, పోయిన కన్నుకోసం ఏడవడం మర్చిపోయి, దీన్ని ఎలా చేశాడా అని చూస్తూ కూర్చున్నాను. అలా వచ్చాను ఈ పనిలోకి. తర్వాత అయిదుసార్లు నేనే మార్చుకున్నాను. మనిషితోపాటు కన్నూ ముదరాలిగా."

"మరి ఈ పసుపు?"

"ఉన్న ఒక్కదానికీ శుక్లం వచ్చింది. ఏడాది దాటింది. లోకం మీద ఎవరో పల్చటి టీ ఒంపినట్టుంది. నీలం నాకు బూడిదే, ఆకుపచ్చ నాకు మట్టే. నేను వెళ్లాక సాయంత్రాలు కూర్చుని నువ్వు నేను చేసిన కళ్లన్నీ దిద్దుతున్నావని కూడా తెలుసు. పొద్దున్నే గది తీస్తే పచ్చి రంగు వాసన వచ్చేది. కన్ను పోయింది కానీ ముక్కు పోలేదుగా! నా పరువు కాపాడుతున్నాననుకున్నావు నువ్వు. తెలియనట్టు కాపాడించుకున్నాను నేను. దొంగలూ దొంగలూ ఊళ్లు పంచుకున్నట్టు పంచుకున్నాం ఇద్దరం."

ఆమె చెవులు వేడెక్కాయి. అన్నాళ్లూ ఎంత గుట్టుగా చేస్తున్నాననుకుందో! "ఆపరేషన్ చేయించుకోవచ్చుగా మాస్టారూ? ఇదే ఆసుపత్రి. కింద అంతస్తులో రోజుకి ముప్పై చేస్తారు!"

"ఆ ముప్పైమందికీ రెండోది ఉంటుందమ్మా. ఏదైనా తేడా వస్తే దానితో ఇంటికి నడిచి పోతారు. నేను దేనితో పోను?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. కిటికీ అవతల ఎవరి ఇంటి మేడ మీదో ఆరేసిన దుప్పటి నిండుగా గాలి పోసుకుని, ఖాళీ చేసి, మళ్లీ పోసుకుంది.

మాస్టారు సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. ఆయన చేతిరాత. అక్షరాలు పెద్దవి, ఒకదానికొకటి ఎడంగా.

'గత పద్నాలుగు నెలలుగా నాకు రంగులు ఆనడం లేదు. ఈ కాలంలో ఈ గదిలోంచి వెళ్లిన కళ్లలో ఒక్కటి తప్ప మిగతా నూట పన్నెండింటికి రంగు నిర్ణయించినది, వేసినది, నేను చెడగొట్టినవి సరిదిద్దినది ఈ అమ్మాయి ఒక్కతే. ఆమె పనిని పరిశీలించే యోగ్యత ఈ ఆసుపత్రిలో ఎవరికీ లేదు, నాకు కూడా. పరిశీలించినవారు, వాటిని పెట్టుకుని అద్దంలో చూసుకున్న నూట పన్నెండు మంది. వారిలో ఎవరూ తిరిగి రాలేదు.'

కింద సంతకం. ఆ పక్కన, ఆసుపత్రిని నడిపే పెద్ద డాక్టరమ్మ ముద్రకోసం వదిలిన చోటు.

"ఇది పంపితే మీకీ కుర్చీ ఉండదు" అంది కంటిపాప. "పెట్టెల్లో వచ్చే రెడీమేడ్ కళ్లు తెప్పించుకుందాం, ఈ గది ఎందుకు అని ఆసుపత్రి కమిటీవాళ్లు ఇప్పటికే అంటున్నారు."

"ఇది పంపకపోతే నీకా బల్ల ఉండదు."

"మొదటి కాగితం మీదే సంతకం పెట్టేయండి మాస్టారూ. ఎవరు చూడొచ్చారు?"

"నా చేత్తో అబద్ధం చేయమంటే చేస్తాను, నలభై ఏళ్లుగా చేస్తున్న పనే. రాయమంటే నావల్ల కాదు."

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. టీచరు వచ్చేసింది. ఇద్దరి మొహాలూ చూసి, "ఇంకో టీ తాగి రానా?" అంది.

"వద్దు, కూర్చోండి" అన్నారు మాస్టారు. తన కుర్చీ ఖాళీ చేసి కంటిపాపకు చూపించారు. "ఇక్కడ కూర్చో. వెలుతురు ఇక్కడే బాగుంటుంది."

పాత రంగును అరగదీసి తుడిచేయడానికి ఎంతోసేపు పట్టలేదు. తెల్లటి చిన్న బిళ్ల మిగిలింది, ఎవరినీ ఇంకా చూడని కన్నులా. కంటిపాప కుంచె ముంచింది. నాలుగే నాలుగు వెంట్రుకల కుంచె అది.

"ఏం కనిపిస్తోంది చెప్పు" అన్నారు మాస్టారు, పక్కన స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంటూ.

"వాన పడి వెలిశాక ఆకు మీద ఎండ..."

"కవిత్వం కాదు. సీసాల పేర్లు చెప్పు."

టీచరు కిసుక్కున నవ్వింది. కదలొద్దని ఇద్దరూ ఒకేసారి కసిరారు.

"అంచున బూడిద. దాని లోపల గోధుమ. పాప చుట్టూ సన్నటి పట్టీ, ఇటుక రంగు. మధ్యలో ఆకుపచ్చ చిన్న చిన్న గీతలు."

"ఆకుపచ్చ ముందు వెయ్యి, గోధుమ పైన. కిందనుంచి రావాలి ఆ పచ్చ. పైన పూస్తే పాచిలా ఉంటుంది. గీతలు లెక్కపెట్టు."

"పదకొండు."

"పది వెయ్యి. ప్రాణమున్న కన్ను ఎక్కడో ఒకచోట తడబడుతుంది."

ఆయన గొంతు చీకట్లోంచి దారి చెప్పినట్టుగా వస్తోంది, ఆమె కుంచె దాన్ని పట్టుకుని నడుస్తోంది. ఆ పరదేశం ఆమెకు కలలో ఎప్పుడూ రాదు. మెలకువలో, ఇలా కుంచె పట్టుకున్నప్పుడే వస్తుంది. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, వడగట్టిన పాలలాంటి వెలుతురు, కింద ఏటవాలు వీధిలో ట్రాము ఎక్కలేక ఎక్కుతున్న మూలుగు, గురువుగారి పక్కన ఎవరూ కూర్చోని బల్ల. ప్రతిసారీ ఆ గది వచ్చినప్పుడు ఈ గది మాయమయ్యేది. ఇవాళ మాయం కాలేదు. రెండు కిటికీలూ ఒకదాని మీద ఒకటి పరుచుకున్నాయి. ఆ పాలవెలుతురులో మాస్టారు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు, ఆ ట్రాము ఈ ఆసుపత్రి మెట్లెక్కి వస్తోంది. ఎక్కడ ఉన్నానో ఆమెకు కాసేపు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"ఏం, ఆగావేం?" అన్నారు మాస్టారు.

"ఆరనిస్తున్నాను."

ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి తెల్లగుడ్డు మీద నరాల్లా పరిచి, పైన పారదర్శకపు పొర పోసి, గట్టిపడ్డాక మెరుగు పెట్టేసరికి నాలుగున్నర అయింది. పెట్టుకున్నాక టీచరు అద్దం అందుకుంది. ఎడమకి చూసింది, కుడికి చూసింది. ఆ తర్వాత ఏమీ చూడకుండా అద్దం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రెండూ పొద్దున్నలే" అంది చివరికి.

టీచరు వెళ్లాక కంటిపాప ఆ చేతిరాత కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. "తీసుకుంటున్నాను. కానీ ఇప్పుడు పంపను. ముందు మీరు ఆపరేషన్ చేయించుకోవాలి. ఎల్లుండి చేయించుకుంటే పది రోజుల్లో రంగులు తిరిగొస్తాయి. అప్పుడు దీని కింద మీ చేత్తోనే ఇంకో వాక్యం రాయాలి, ఇప్పుడు నాకు కనిపిస్తోంది అని. అప్పుడే ముద్రకి తీసుకెళ్తాను. మీ కుర్చీ మీదే, నా బల్ల నాదే. సరేనా?"

"బేరమా?"

"బేరమే."

ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు. తర్వాత లేచారు. రెండో అంతస్తుకి ఇద్దరూ కలిసే వెళ్లారు. మెట్లు దిగుతుంటే మొదటిసారి ఆమె ఆయనకి ఎడమవైపు నడిచింది. ఎల్లుండి ఆపరేషన్ల జాబితాలో పేరు రాయించారు. పెద్ద డాక్టరమ్మే స్వయంగా వచ్చి ఆయన్ని పరీక్ష గదిలోకి తీసుకెళ్లింది. పాపను బయటే ఉండమంది. బయటికి వచ్చాక మాస్టారు, "చూశారు, రాసుకున్నారు, అంతే" అన్నారు.

స్టాంపమ్మ గారింటి ముందుగదిలో కుర్చీ కంటే కాగితాలకే ఎక్కువ చోటు. పని మానేసిన తేదీ ముద్రలు కిటికీ గట్టు మీద వరసగా ఉంటాయి. రోజూ తుడుస్తుందావిడ. మాస్టారి ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి, "ముప్పై ఏళ్లలో ఇలాంటి ధ్రువపత్రం చూడలేదే పిల్లా" అంది. "దీన్ని కాదనేవాడు ఉండడు. ముద్ర ఏది?"

కంటిపాప బేరం సంగతి చెప్పింది. స్టాంపమ్మ గారు వింటూ వింటూనే ఆమె పాత కాగితాలు తిరగేస్తోంది. ఒకచోట వేలు ఆగింది.

"ఇదేమిటి?"

"మార్కుల పత్రం."

"ఫలితం ప్రకటించిన తేదీ ఇందులో ఉంది. పట్టా చేతికిచ్చిన తేదీ వేరు." ఆవిడ గొంతు ఉన్నట్టుండి కౌంటరు వెనక గొంతైపోయింది. "పోయిన నెల నిబంధన మార్చారు. మూడేళ్లూ పట్టా రోజునుంచి కాదు, ఫలితం రోజునుంచి లెక్క. నేను పట్టా తేదీతోనే లెక్కేశాను. తప్పు నాదే తల్లీ. ముప్పై ఏళ్లు ఇతరుల తప్పులు పట్టుకున్న ముండని, నా తప్పు నాకు కనపడలేదు."

"అంటే ఎన్ని రోజులుంది?"

స్టాంపమ్మ గారు వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టింది. ఎక్కువ కణుపులు అక్కర్లేకపోయింది.

"రేపు సాయంత్రం ఐదు గంటలు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు అప్పటికి చేరిపోవాలి, ముద్రతో సహా. చేరితే చాలు, తర్వాత వాళ్లు తేల్చడానికి నాలుగు నెలలు తీసుకున్నా ఫర్వాలేదు. చేరకపోతే ఆ తలుపు ఇక నీకు ఉండదు."

ఆపరేషన్ ఎల్లుండి. గడువు రేపు.

ఇంటికి వచ్చేసరికి అక్క కుట్టుమిషన్ మీద ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తోంది. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. చెల్లెలి మొహం చూడగానే సూదులు తీసి దిండుకి గుచ్చింది. అంతా విన్నాక కూడా మిషన్ చక్రం మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"నన్ను అడక్కు" అంది. "నువ్వు వెళ్లకపోతే నాకు సంతోషం, వెళ్తే గర్వం. రెంటిలో ఏదో ఒకటి ఎలాగూ దక్కుతుంది. నా సంగతి వదిలెయ్. నీకేం కావాలి?"

"వెళ్లాలి అక్కా. పసిపిల్లలకి ఇక్కడ పెద్దవాళ్ల అచ్చుల్నే చిన్నవి చేసి పెడుతున్నాం. వాళ్లు ఎదుగుతారు, ఆ కన్ను ఎదగదు. ఆ పని నేర్చుకోవాలి. కానీ మాస్టార్ని ఆ మూలలోంచి లేపేసి వెళ్లాలంటే..."

"ఎవరు లేపేస్తారు?"

"పెద్ద డాక్టరమ్మ. ఈ ఉత్తరం చదివితే గది మూసేస్తుంది."

"మూసేస్తానని ఆవిడ చెప్పిందా?"

"చెప్పలేదు. కానీ..."

"అడిగావా?"

కంటిపాప సంచిలోని ఉత్తరాన్ని తడిమి చూసుకుంది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగకుండానే ఆవిడ పెట్టదని ఎలా తేల్చావే? పొద్దున్నే వెళ్లి అడుగు. కాదంటే అప్పుడు ఏడుద్దాం, నేనూ తోడొస్తాను. ఈలోగా ఈ చెయ్యి పట్టుకో, కొలత జారుతోంది."

కంటిపాప కోటు చెయ్యి పట్టుకుంది. లోపల ఎవరూ లేని ఆ చెయ్యి తేలిగ్గా, వెచ్చగా ఉంది.

పొద్దున్న ఎనిమిదింటికి ఆమె పెద్ద డాక్టరమ్మ గదిలో ఉంది. ఆవిడ అప్పుడే తెల్లకోటు తొడుక్కుంటోంది. కంటిపాప ఉత్తరం చేతికివ్వకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"మేడమ్, దీనికి మీ ముద్ర కావాలి. ఇవాళే కావాలి. కానీ ఇది చదివాక మాస్టార్ని పనిలోంచి తీసెయ్యనని ముందు మాటివ్వాలి. ఇవ్వలేకపోతే చదవొద్దు. నేను వెనక్కి తీసుకెళ్లిపోతాను."

పెద్ద డాక్టరమ్మ చెయ్యి చాచింది. "చదవకుండా మాటిచ్చేదాన్ని కాదు. కానీ ఏడాదిలో మూడో అంతస్తు మీద నా దగ్గరికి ఒక్క ఫిర్యాదు రాలేదు. రంగు చూసిన కన్ను ఎవరిదైతే నాకేం? ఇటివ్వు."

చదివింది. నూట పన్నెండు దగ్గర కాసేపు ఆగింది. సొరుగులోంచి ముద్ర తీసి, సిరా మెత్త మీద అద్ది, ఖాళీ చోట గట్టిగా వేసి, సంతకం చేసి, తేదీ రాసి కాగితం వెనక్కిచ్చింది. ఎంత సులువుగా! ఆ తడిసిరా గుండ్రంలో ఏటవాలు వీధి, ట్రాము, ఖాళీ బల్ల ఒక్క క్షణం మెరిశాయి.

"థాంక్స్ మేడమ్. నేను..."

"కూర్చో."

ఆవిడ గొంతు మారింది.

"మాస్టారు ఏడింటికే వచ్చి వెళ్లారు. రేపటి ఆపరేషన్ జాబితాలోంచి తన పేరు తీసేయమన్నారు."

"ఎందుకు? నిన్న ఒప్పుకున్నారే! నా ముందే..."

"ఆయన మాటల్లోనే చెప్తాను. 'ఆపరేషన్‌లో ఏదైనా తేడా వస్తే ఆ పిల్ల నన్ను వదిలి వెళ్లదు. ఎంత చెప్పినా వెళ్లదు. అందుకని ఆమె విమానం ఎక్కాకే నా కన్ను ముట్టుకోండి' అన్నారు." పెద్ద డాక్టరమ్మ బల్ల మీది ఒక రిపోర్టును తనవైపు లాక్కుంది, చదవడానికి కాదు, చేతికి ఏదో ఒకటి కావాలన్నట్టు. "నీ పర్మిట్ రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"నాలుగు నెలలు అన్నారు."

"నిన్న పరీక్ష చేసింది నేనే. ఆయనకి అసలు సంగతి చెప్పలేదు, భయపడి పారిపోతారని. ఆ శుక్లం బాగా ముదిరిపోయింది. కంటి లోపల ఒత్తిడి పెరుగుతోంది, ఇలాగే వదిలేస్తే చూపే పోతుంది." ఆవిడ తలెత్తి కంటిపాప రెండు కళ్లలోకీ చూసింది. "ఆ కంటికి నాలుగు నెలలు లేవు. నాలుగు వారాలు కూడా లేవు."